పాట, బాట, మాట

మా ఇంట్లో రాత్రి ఏడున్నరకి సీరియల్ మొదలవుతుంది. మా అమ్మ మంచం మీద, నేనూ మా ఆవిడా కింద చాప మీద, మా మధ్యలో చిన్నది. సీరియల్లో అత్తగారు ఏదో అంటుంది. మా అమ్మ నవ్వుతుంది, మేమూ నవ్వుతాం. చిన్నది మాత్రం అప్పుడు టీవీ వైపు చూడదు, మా ముఖాల వైపు చూస్తుంది. మేం నవ్వుతున్నామని చూసుకుని తనూ నవ్వుతుంది. మాకన్నా ఒక్క క్షణం వెనక. ఆ నవ్వు చూసి చాలాకాలం "పర్వాలేదు, బాగానే ఎంజాయ్ చేస్తోంది" అనుకున్నాం. తనకేమీ అర్థం కావడం లేదని, మేం బాధపడకూడదని నవ్వుతోందని తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది.

చిన్నదానికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. రెండున్నరేళ్లప్పుడు గుంటూరు కొత్తపేటలో బెరా టెస్ట్, అంటే వినికిడి పరీక్ష, చేయించాం. రెండు చెవులూ వినపడవన్నారు. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల వినికిడి పరికరం అమర్చే ఆపరేషన్) చేస్తారని తెలిసి ఆశతో స్కాన్ తీయించాం. చెవి నుంచి మెదడుకు వెళ్లే నరమే సరిగ్గా ఏర్పడలేదు, ఆపరేషన్ చేసినా ఫలితం ఉండకపోవచ్చు అన్నారు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఎవరితో మాట్లాడినా మొదట అడిగేది "ఆపరేషన్ చేయించలేకపోయారా?" అనే. ఆపరేషన్ అందరికీ కుదరదు. కుదిరిన పిల్లలు కూడా ఎదురుగా కూర్చుని మాట్లాడితే వింటారు గానీ, వెనక మ్యూజిక్ మోగుతూ నలుగురూ ఒకేసారి అరుచుకునే టీవీ సీనులో సగం మాటలు జారిపోతాయని వాళ్ల అమ్మానాన్నలే చెబుతుంటారు.

రెండో ప్రశ్న: "పెదాలు చూసి అర్థం చేసుకుంటారటగా?" ఒకసారి అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రాకుండా మూడు మాటలు అనండి. పాట, బాట, మాట. మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుని ఒకేలా తెరుచుకుంటాయి. వాటి తేడా గొంతులోనూ ముక్కులోనూ ఉంది, పెదాల మీద లేదు. క, గ లాంటివి నోటి వెనకే పుట్టి వెనకే అయిపోతాయి, బయటికి కనపడవు. అందుకే పెదాలు చదివే పిల్ల కొంత చూస్తుంది, మిగతాది ఊహించుకుంటుంది. తెలిసిన మనిషి, తెలిసిన సందర్భం అయితే ఆ ఊహ బాగానే పనిచేస్తుంది. మరి టీవీలో? మన పిల్లలు చూసే కార్టూన్లలో చాలావరకు డబ్బింగువే. సీరియళ్లలోనూ పక్క భాషల నుంచి వచ్చినవి ఎన్నో. అక్కడ పెదాలది ఒక భాష, గొంతుది ఇంకో భాష. కార్టూన్ బొమ్మకైతే నోరు తెరవడం, మూయడం తప్ప ఇంకేమీ ఉండదు. స్పీచ్ థెరపీలో గంటలకొద్దీ పెదాలు చూడమని నేర్పించి, ఇంటికి తీసుకొచ్చి, అబద్ధం చెప్పే పెదాల ముందు కూర్చోబెడుతున్నాం.

నేను విజయవాడలో డీటీపీ పని చేస్తాను. పెళ్లి కార్డులు, గైడ్లు, కరపత్రాలు. ఇరవై ఏళ్లుగా టైపు చేయడమే నా బతుకు. చిన్నదానికి ఏడేళ్లప్పుడు వేసవి సెలవుల్లో ఒక ఆదివారం కూర్చుని, తను ఇష్టంగా చూసే ఒక కార్టూన్ ఎపిసోడ్‌కి మాటలు టైపు చేశాను. ఎన్నో సెకనుకు మాట మొదలైంది, ఎన్నో సెకనుకు అయిపోయింది, మధ్యలో ఏమన్నారు, అంతే ఆ ఫైల్లో ఉండేది. 22 నిమిషాల ఎపిసోడ్‌కి ఆరు గంటలు పట్టింది. టైపింగ్ కష్టం కాదు. వెనక్కి తిప్పడం, వినడం, ఆపడం, మళ్లీ వినడం, అదీ టైము తినేది. పైగా తెలుగులో ఒక చిక్కుంది. "వెళ్లిపోదామనుకుంటున్నాను" అని ఒక్క మాట అంటే అది సగం లైను మింగేస్తుంది. రెండు లైన్ల కన్నా ఎక్కువ పెడితే బొమ్మ కనపడదు, త్వరగా మార్చేస్తే పిల్ల చదవలేదు. ఎక్కడ విరవాలో చేత్తో చూసుకోవాల్సిందే.

సాయంత్రం ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి పెట్టాను. అప్పటికి తను రెండో తరగతి, కూడబలుక్కుని చదువుతుంది. మొదటిసారి చాలా అక్షరాలు తప్పిపోయాయి. మళ్లీ పెట్టమంది. మళ్లీ. ఆ రాత్రి ఒకే ఎపిసోడ్ నాలుగుసార్లు చూసింది. నాలుగోసారి ఒకచోట ఫక్కున నవ్వింది. మేం నవ్వలేదు, వంటింట్లో ఉన్నాం. మా ముఖాలు చూడకుండా, తనంతట తను నవ్విన ఆ నవ్వు విని మా ఆవిడ చేతిలో గరిట పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

మొదట్లో మాటలే టైపు చేసేవాణ్ని. ఒకరోజు కార్టూన్లో ఎలుక ఉన్నట్టుండి ఉలిక్కిపడి పరుగెత్తింది. ఎందుకు అని చిన్నది సైగ చేసింది. తెర మీద కారణమేమీ కనపడదు. పక్క గదిలో తలుపు చప్పుడైంది, అదీ సంగతి. వినే వాళ్లకి అది అడగాల్సిన ప్రశ్నే కాదు. ఆ రోజు నుంచి చప్పుళ్లు కూడా రాయడం మొదలుపెట్టాను, మన భాషలో ఎంత సంపద ఉందో అప్పుడు కనపడింది నాకు. తలుపు కిర్రుమంటుంది. నూనె చిటపటలాడుతుంది. పప్పు కుతకుత ఉడుకుతుంది. గజ్జెలు ఘల్లుమంటాయి, చిల్లర గలగలమంటుంది, వాన చినుకులు రేకుల మీద టపటపా పడతాయి. ఈ మాటలు ఏ బడిలోనూ పనిగట్టుకుని నేర్పరు. విని పట్టుకునేవి. మా పిల్ల వాటిని చదివి పట్టుకుంది. పట్టుకున్నాక ప్రశ్నలు మొదలయ్యాయి. ఫ్యాను చప్పుడు చేస్తుందా? చేస్తుంది. చీమ? మనకి వినపడదు. సూర్యుడు పైకి వచ్చేటప్పుడు? రాదమ్మా. దీపం? రాదు. టపాకాయ? పెద్దగా వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకి లోకంలో ఏవి మాట్లాడతాయో, ఏవి మాట్లాడవో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాం. ఓ రోజు పొయ్యి దగ్గర నిలబడి గిన్నె మూత మీద వేలు పెట్టి, ఆ అదురు చూసి, పరుగున వెళ్లి నోటు పుస్తకంలో రాసుకొచ్చింది: "అమ్మ పప్పు కుతకుత." ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది.

నేను పనిచేసే చోటికి దగ్గర్లో ఆఫ్‌సెట్ మిషన్ మీద పనిచేసే అన్న ఒకాయన ఉన్నాడు. పుట్టుకతో చెవులు వినపడవు. మాకిద్దరికీ కాగితం మీదే మాటలు. ఈమధ్య ఆయన దగ్గరే నాలుగు సైగలు నేర్చుకుంటున్నాను. నా ఫైళ్లు ఆయనకు చూపించాను. పిల్లకి కష్టం కాకుండా మాటలు తగ్గించాననీ, పెద్ద వాక్యాలు తీసేసి తేలిక చేశాననీ గర్వంగా రాశాను. ఆయన చాలాసేపు చూసి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "నువ్వు విన్నది మొత్తం విన్నావు. తనకి ఎందుకు తగ్గించి పెడతావు?" జవాబు దొరకలేదు. ఆ తర్వాత ఏదీ తీసేయలేదు. అర్థం కాని మాట వస్తే ఆపి అడుగుతుంది, చెబుతాం. వినే పిల్లలు కొత్త మాట నేర్చుకునేదీ అలాగే కదా.

ఆ అన్నే ఇంకో సంగతి చెప్పాడు. దూరదర్శన్‌లో 1987లో ఢిల్లీ నుంచి వినికిడి లేనివారి కోసం వారానికోసారి, ఆదివారం, సైగలతో వార్తలు మొదలయ్యాయి. చిన్నప్పుడు ఆయన దాని కోసం ఆదివారం దాకా ఎదురుచూసేవాడట. అందులో కింద వచ్చే అక్షరాలేవీ ఆయనకు వచ్చిన భాషలో లేవు, సైగల్లో కొన్ని తెలియనివి. అయినా చూసేవాడు. ఎందుకని అడిగితే, "టీవీలో నాలాంటి చేతులు అవొక్కటే" అని రాశాడు.

2024 సెప్టెంబరు 1 ఆదివారం మాకు మరిచిపోలేని రోజు. మేముండేది సింగ్ నగర్‌లో, రెండో అంతస్తు. తెల్లారేసరికి బుడమేరు వాగు నీళ్లు వీధిలో ఉన్నాయి. కరెంటు పోయేలోపు ఉన్న కాస్త టైములో టీవీ పెట్టాం. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేసిన బొమ్మలు, అవే మళ్లీ మళ్లీ. యాంకర్ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. కింద స్క్రోలింగ్ పరుగులు తీస్తోంది, అది చెప్పేది ఒకటి, యాంకర్ చెప్పేది ఇంకొకటి. చిన్నది ఆ బ్యారేజీని చూసింది, కిటికీలోంచి వీధిని చూసింది, రెండూ కలిపేసుకుంది. బ్యారేజీ విరిగిపోయి ఆ నీళ్లే మా ఇంటికి వస్తున్నాయనుకుంది. నేను ఫోన్‌లో ఛార్జింగ్ కోసం, మంచినీళ్ల కోసం టెన్షన్ పడుతూ తనని పట్టించుకోలేదు. వచ్చిన నీళ్లు బుడమేరువని, కృష్ణవి కావని, రెండో అంతస్తు దాకా రావని తనకు అర్థమయ్యేటట్టు చెప్పేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా స్కూల్ బ్యాగు వీపుకి తగిలించుకుని, అటక మీదికి ఎక్కించమని సైగ చేస్తూనే ఉంది. ఆ పొద్దున టీవీలో చెప్పిన మాటల్లో సగమైనా అక్షరాలుగా తెర మీద ఉండి ఉంటే ఆ నాలుగైదు గంటల భయం తనకు లేకపోయేది.

ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ టీవీ లాంటి ఎలక్ట్రానిక్ మీడియా అందరికీ అందేలా చూడమంటుంది. అందులో సంజ్ఞా భాష (సైగల భాష) అనువాదం, క్లోజ్డ్ క్యాప్షన్లు (మాటలు తెర మీద అక్షరాలుగా రావడం) అని పేరుపెట్టి మరీ ఉంది. 2019 సెప్టెంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకు ప్రమాణాలు ఇచ్చింది. న్యూస్ చానళ్లు రోజుకొక్కసారైనా సంజ్ఞా భాషలో బులెటిన్ ఇవ్వాలని, ఇతర చానళ్లు కనీసం వారానికో కార్యక్రమంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలని. ప్రత్యక్ష ప్రసారాలకు, చర్చలకు, ప్రకటనలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. లైవ్‌లో అక్షరాలు వేయడం కష్టమని నాకూ తెలుసు. కానీ ఆ ఆదివారం మా ఇంట్లో కావాల్సింది సరిగ్గా ఆ లైవే. 2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి ప్రమాణాలు ఇష్టమైతే పాటించేవిగా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు చేయండి అని కేంద్రానికి చెప్పింది. మా సెట్‌టాప్ బాక్సులో తెలుగు చానళ్లు పెట్టి, రిమోట్‌లో సబ్‌టైటిల్ బటన్ ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. మా చిన్నది చూసే ఏ కార్యక్రమానికీ ఒక్క అక్షరం రాలేదు.

నేను ఒక చానల్ ఆఫీసుకి ఫోన్ చేశాను. అటువైపు మర్యాదగానే మాట్లాడారు. "అన్నీ మళ్లీ రాయించాలంటే చాలా ఖర్చు సార్, తెలుగులో అంత మంది స్టాఫ్ ఎక్కడ దొరుకుతారు?" అన్నారు. ఆ "మళ్లీ రాయించాలి" అన్న మాట దగ్గరే నా పోట్లాటంతా.

ఎందుకంటే మళ్లీ రాయక్కర్లేదు. టీవీలో మనం వినే మాటల్లో చాలా భాగం ముందే తెలుగులో రాసి ఉన్నవి. సీరియల్ రైటర్ డైలాగు పేపరు రాస్తేనే షూటింగ్. వార్తలు చదివేవాళ్లు ఎదురుగా టెలిప్రాంప్టర్‌లో ఉన్న అక్షరాలు చూసి చదువుతారు. అన్నిటికన్నా ముఖ్యం డబ్బింగ్ కార్టూన్లు. ఏ బొమ్మ, ఏ సెకనులో, ఏ మాట అనాలో రాసుకున్న కాగితం లేకుండా డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు ఎవరూ నిలబడరు. బొమ్మ నోరు మూసుకునే చోట ప, బ, మ లున్న మాట వచ్చేలా కూర్చి రాస్తారు. అంత శ్రద్ధగా రాసిన మాట ఒక్కసారి గొంతులోకి వెళ్లాక దాని పని అయిపోయిందనుకుంటున్నాం. మా పిల్లకి కావాల్సింది సరిగ్గా ఆ కాగితమే.

ఇది ఊరికే అనడం లేదు. డబ్బింగ్ రాసే ఒక స్నేహితుడు హైదరాబాదులో ఉన్నాడు. బతిమాలితే తను రాసిన ఒక పాత ఎపిసోడ్ కాగితాలు ఇచ్చాడు. మొదటి ఎపిసోడ్‌కి ఆరు గంటలు పట్టిన నాకు, తర్వాత చెయ్యి తిరిగాక రెండున్నర గంటలు పట్టేది. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుంటే నలభై నిమిషాల్లో అయిపోయింది. ఒక డీటీపీ వాడు, ఇంట్లో, పాత ల్యాప్‌టాప్ మీద చేసిన లెక్క ఇది. స్టూడియోలో కూర్చుని చేసేవాళ్లకి ఇంకెంత తేలికో మీరే ఆలోచించండి.

టెక్నాలజీ లేదనడానికీ వీల్లేదు. అమెరికాలో 1972లోనే బోస్టన్‌లోని ఒక పబ్లిక్ టీవీ ఒక వంటల కార్యక్రమానికి అక్షరాలు వేసింది. 1980లో, కావాల్సిన వాళ్లే తెరిపించుకునే క్లోజ్డ్ క్యాప్షన్లు మొదలయ్యాయి. 1993 నుంచి 13 అంగుళాలు, అంతకన్నా పెద్ద టీవీలన్నిటిలో ఆ సదుపాయం ఉండాలని అక్కడ చట్టమే చేశారు. ఆ పాత పద్ధతి ఇంగ్లీషు లాంటి అక్షరాల కోసం చేసింది, మన ఒత్తులూ గుణింతాలూ దానికి రావు. ఇప్పటి డిజిటల్ ప్రసారంలో ఆ ఇబ్బంది లేదు. అక్షరాన్ని బొమ్మగా పంపే పద్ధతి ఉంది కాబట్టి "స్త్రీ" అని రాసినా చెదరకుండా వస్తుంది. చానల్ పంపాలి, కేబుల్ వాళ్లు దాన్ని మధ్యలో వదిలేయకూడదు, బాక్సు చూపించాలి. ఈ మూడు చోట్లలో ఒక్కచోట తెగినా మా ఇంటి తెర మీద ఏమీ రాదు. ఒక్కరి మీదే నెపం వేయలేం, ఎవరినీ వదిలేయనూ లేం.

అక్షరాలు అన్నిటికీ జవాబు అనుకోవడం కూడా తప్పే. మూడేళ్ల పిల్లకి చదవడం రాదు. నిజానికి బుర్రలో భాష వేళ్లూనుకునేది ఆ వయసులోనే. వినపడని పిల్లల్లో పదింట తొమ్మిది మందికి పైగా మాలాంటి, వినే తల్లిదండ్రులకే పుడతారు. సంజ్ఞా భాష మాకే రాదు, ఇంకేం నేర్పుతాం? మా పిల్లకి నాలుగేళ్లు దాటేదాకా సైగ నేర్పితే మాట రాదేమోనని భయపెట్టినవాళ్ల మాట విని ఆగిపోయాను. ఆ రెండేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇంట్లో టీవీ ఉంది, అందులో రోజుకో అరగంట ఎవరో ఒక అక్క భారతీయ సంజ్ఞా భాషలో కథ చెప్పి ఉంటే, పిల్లతో పాటు మా అమ్మ, మా ఆవిడ, నేను, అందరం నేర్చుకునేవాళ్లం.

ఆ దిశగా జరిగినవి లేకపోలేదు. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. 2021 నాటికి పది వేల పదాలతో నిఘంటువు తెచ్చారు. ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలను సంజ్ఞా భాషలోకి మారుస్తున్నారు. 2024 డిసెంబరులో కేంద్రం పాఠాల కోసం నడిపే పీఎం ఈ-విద్య చానళ్లలో 31వ నంబరు చానల్‌ని ప్రత్యేకంగా దీనికే మొదలుపెట్టారు. నాకు నిజంగా సంతోషం. అయితే అక్కడ వచ్చేది ఎక్కువగా చదువు. పిల్లలకి చదువొక్కటే సరిపోదు. బడిలో పక్క పిల్లలు మాట్లాడుకునే కార్టూన్ కావాలి, నానమ్మ చూసే సీరియల్ కావాలి, దసరాకి కొండ మీద అమ్మవారి అలంకారం చూపిస్తూ చెప్పే కబురు కావాలి. వినే పిల్లలు పాఠాల్లో కన్నా ఇలా చెవిన పడ్డ మాటల్లోంచే లోకాన్ని ఎక్కువ తెలుసుకుంటారు. మా పిల్ల చెవిన ఏదీ పడదు. కంటిన పడాలి.

సంజ్ఞా భాష పెట్టేటప్పుడు ఇంకో మాట. తెర మూలన అగ్గిపెట్టెంత పెట్టెలో మనిషిని నిలబెట్టి, ఆ చేతుల మీద నుంచే బ్రేకింగ్ న్యూస్ పట్టీ పోనిస్తే, అది పెట్టినట్టు కాదు. ఆ భాషకి ముఖమే వ్యాకరణం. కనుబొమ్మ పైకి లేస్తే ప్రశ్న, తల అడ్డంగా ఊపితే కాదు అని. ముఖం కనపడకపోతే సగం వాక్యం పోయినట్టే.

2011 జనగణనలో దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షలకు పైనే తేలారు. వయసు మీద పడి చెవులు మందగించి, ఎవరికీ చెప్పుకోకుండా టీవీ సౌండ్ పెంచుకుంటున్నవాళ్లను కలిపితే ఇంకెంతమందో. మా అమ్మ అలాంటిదే. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని ఎన్నిసార్లో అని ఉంటాం ఇంట్లో. ఇప్పుడు ఆ మాట నోటికొచ్చి ఆగిపోతుంది. శంఖం ఊదినవాడు చేతిలో పలక పట్టుకుని ఉంటే సరిపోయేదిగా అనిపిస్తుంది.

నేను అడిగేది ముందు పిల్లల కార్యక్రమాలతో మొదలుపెట్టమని. డబ్బింగ్ కాగితాలు ఉన్నవే కాబట్టి అక్కడ సాకు చెప్పడానికి ఏమీ లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఈ చానళ్లకే ప్రకటనలు ఇస్తుంది. ఆ ప్రకటనలకు అక్షరాలు వేయాలని, పిల్లల కార్యక్రమాలకు క్యాప్షన్లు వేసే చానల్‌కే ముందు ఇస్తామని ఒక షరతు పెడితే పని దానంతటదే కదులుతుంది. వరద, తుపాను లాంటి రోజుల్లో విజయవాడ నుంచే ప్రసారమయ్యే దూరదర్శన్ సప్తగిరిలో అధికారులు మాట్లాడేటప్పుడు పక్కన సంజ్ఞా భాష చెప్పేవాళ్లు తప్పక నిలబడాలి, లైవ్ అయినా సరే.

మొన్న శనివారం రాత్రి ఫైలు టైపు చేస్తుంటే చిన్నది పక్కన చేరింది. తనకు ఏ కార్యక్రమాలకు అక్షరాలు కావాలో ఒక కాగితం మీద రాసుకొచ్చింది. కార్టూన్లు ఉంటాయనుకున్నాను. మొదటి లైనులో "నానమ్మ సీరియల్" అని ఉంది. రెండో లైనులో "వార్తలు (నీళ్లు వచ్చినప్పుడు)" అని. ఆ సీరియల్ వారానికి ఆరు రోజులు వస్తుంది. రోజూ రెండున్నర గంటలు కూర్చుంటే తప్ప అయ్యే పని కాదు, నావల్ల కాదని సైగ చేశాను. తను అర్థమైందని తలూపి, ఆ కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు. సోమవారం ఆ కాగితం జిరాక్స్ తీయించి, నా ఉత్తరంతో పాటు ఆ సీరియల్ వేసే చానల్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. డైలాగు పేపర్లు నాకు పంపినా చాలు, టైపు నేను చేస్తానని రాశాను.